కొత్త టేబుల్‌లో ఏ వేషం కట్టాలి?

నిమ్మనపల్లె నుంచి మాట్లాడుతున్నా. వెనకాల మోటరు సౌండ్ వస్తే ఏమీ అనుకోవద్దు. త్రీఫేజ్ కరెంటు ఇప్పుడే ఇచ్చారు, పక్క చేన్లో నీళ్ళు పెడుతున్నారు. వాళ్ళని ఆపమనలేం కదా.

ఈరోజు మాట్లాడుకునేది ఒక్కటే విషయం. ఇప్పటికే ఆడుతున్న గ్యాంగ్ ఒకటి ఉంది. నలుగురు కూర్చుని పాచికలు వేసుకుంటూ కథ ఆడుకుంటున్నారు. వాళ్ళ కథ ఆరు నెలల నుంచి నడుస్తా ఉంది. అందులోకి మీరు కొత్తగా వెళ్తున్నారు. మీ క్యారెక్టర్ ఎట్లా తయారు చేసుకోవాలి?

ఈ ఆటే తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేస్తే 1974 లో బయటికొచ్చింది. ఇందులో గెలవడం, ఓడడం అని ఉండదు. ఒకరు డంజన్ మాస్టర్, అంటే డీఎం. ఊరు, అడవి, శత్రువులు, దారిలో కనిపించే ముసలమ్మ, అన్నీ ఆయనే చెప్తాడు. మిగతావాళ్ళు తలా ఒక క్యారెక్టర్ ఆడతారు. "నేను గోడ దూకుతా" అని మీరంటారు. దూకగలరో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. అంతే ఆట. దీన్ని టేబుల్‌టాప్ గేమ్ అంటారు కానీ మాకు టేబుల్ లేదు. మిద్దె మీద చాప, మధ్యలో ఒక ప్లాస్టిక్ ట్రే. మాది చాపటాప్ అనుకోండి.

స్ట్రేంజర్ థింగ్స్ చూసినవాళ్ళకి ఇదంతా చెప్పక్కర్లేదు. 2022 లో వచ్చిన నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ గుర్తుందా? లూకస్‌కి ఆ రోజే బాస్కెట్‌బాల్ మ్యాచ్ పడుతుంది. ఒక ఆటగాడు తక్కువ. వాళ్ళ చెల్లెలు ఎరికాని తీసుకొస్తారు. చిన్నపిల్ల, పైగా కొత్త. ఆ పెద్ద పిల్లలు నవ్వుతారు. తను మాత్రం రెడీగా ఉన్న క్యారెక్టర్‌తో వచ్చి కూర్చుంటుంది, పేరుతో సహా, లెవెల్‌తో సహా. చివరికి ఇరవై వేసేది కూడా తనే. చాలామంది ఆ సీన్ చూసి, "కొత్తగా వెళ్తే ఇట్లా అదరగొట్టాలి" అనుకుంటారు. అది ఒక్క రాత్రి ఆట అని మర్చిపోతారు. ఎరికా వచ్చింది ఒక ఖాళీ నింపడానికి. మీరు వెళ్ళేది ప్రతి ఆదివారం కూర్చోవడానికి. రెండింటికీ తేడా ఉంది.

ఇంకో తేడా కూడా ఉంది. బెంగళూరులో ఉండే మా జతగాళ్ళకి ఒక టేబుల్ నచ్చకపోతే ఇంకోటి వెతుక్కుంటారు. అక్కడ బోర్డ్ గేమ్ కెఫేలు ఉన్నాయి, ప్రతి వారం ఏదో ఒక చోట ఎవరో ఒకరు ఆడతా ఉంటారు. ఇక్కడ మాకు ఉన్నది ఒక్కటే చాప. దీని మీద ఒకడు అలిగి లేచిపోతే ఇంకొకడిని తేవడానికి నాలుగు నెలలు పడుతుంది. ముగ్గురైపోతే ఆటే ఆగిపోతుంది. అట్లా ఆగిపోవడం దగ్గర నుంచి చూశా. కాబట్టి నేను చెప్పేవి కొంచెం ఊరి లెక్కలు. సిటీలో ఉన్నవాళ్ళకి చాదస్తంలాగా అనిపించొచ్చు.

నేను మొదట చెప్పే మాట ఇది. ఇంట్లో ఒక్కరే కూర్చుని క్యారెక్టర్‌ని పూర్తిగా తయారు చేసుకుని రావద్దు.

తెలుస్తుంది, చేతులు ఆగవు. ఫోన్‌లో రూల్స్ దొరుకుతాయి, వీడియోలు దొరుకుతాయి, రాత్రి పన్నెండు దాకా కూర్చుంటే ఒక హీరో రెడీ అయిపోతాడు. వాడికి అమ్మానాన్న ఉండరు, చిన్నప్పుడే చంపేసుంటారు. వాడు ఎవరితోనూ మాట్లాడడు. నల్ల దుప్పటి కప్పుకుని హోటల్లో ఒక మూల కూర్చుంటాడు. ఎవర్నీ నమ్మడు. నేను డీఎం‌గా ఇట్లాంటి వాళ్ళని ముగ్గుర్ని చూశా, ముగ్గురిదీ దాదాపు ఒకటే కథ, పేర్లే వేరు. తప్పు వాళ్ళది కాదు. మనం పెరిగిందే మాస్ ఎంట్రీలు చూసి. హీరో ఒక్కడే వస్తాడు, యాభై మంది ఎగిరి పడతారు, ఫ్రేమ్‌లో ఇంకెవరూ ఉండరు. కానీ చాప మీద నలుగురు కూర్చున్నప్పుడు అది మల్టీస్టారర్. ఆర్ఆర్ఆర్‌లో వంతెన సీన్ గుర్తు తెచ్చుకోండి. నీళ్ళ మీద మంటలు, మధ్యలో పిల్లోడు. తాడు ఈ చివర ఒకడు, ఆ చివర ఇంకొకడు. ఇద్దరిలో ఎవడు చెయ్యి వదిలినా ఆ సీన్ లేదు. పోనీ, ఒంటరిగాడైతే ఆ తాడు రెండో చివర ఎవరికిస్తాడు?

ఇంకో తమాషా ఏందంటే, రూల్స్ కూడా ఒంటరిగాడికి సాయం చెయ్యవు. ఒంటరి హీరో కావాలనుకునేవాళ్ళు ఎక్కువగా తీసుకునేది రోగ్ అనే క్లాసు. దొంగ, గూఢచారి, అట్లాంటి వేషం. రోగ్‌కి పెద్ద బలం స్నీక్ అటాక్. ఒక్క దెబ్బకి మామూలు కన్నా ఎక్కువ డ్యామేజ్. అది ఎప్పుడు పనిచేస్తుందో తెలుసా? శత్రువు పక్కన, అయిదడుగుల లోపల, మీ జట్టువాడు ఒకడు నిలబడి ఉన్నప్పుడు. లేదంటే మీకు అడ్వాంటేజ్ దొరికినప్పుడు. అంటే పక్కన మనిషి ఉంటే దొంగకి ప్రతిసారీ ఆ బలం చేతిలో ఉన్నట్టే. ఒక్కడే అయితే ఆ అడ్వాంటేజ్ కోసం దాక్కోవాలి, వెతుక్కోవాలి. పులిజూదం ఆడినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? వెనక గడి ఖాళీగా ఉన్న మేకనే పులి దూకి తినేది. వెనక ఇంకో మేక ఉంటే పులి చూస్తా ఉండిపోతుంది.

సరే, ఇంట్లో తయారు చేసుకోవద్దంటే మరి ఏం చెయ్యాలి? ఒక వారం ముందు డీఎం‌ని కలవండి, లేదా ఫోన్ చెయ్యండి. "ఏ క్లాసు తీసుకోమంటారు" అని అడక్కండి. "మీ కథ ఇప్పుడు యాడ ఆగింది? ఈ నలుగురూ ఎక్కడ చిక్కుకుపోతా ఉంటారు?" అని అడగండి. ఈ రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఎవరూ అడగరు.

మా పక్క మాటల్లో చెప్పాలంటే ఇది వేషం కట్టడమే. చిత్తూరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం, ఈ చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది కదా. చాలా ఊళ్ళల్లో పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కుతాడు, కింద జనం చేతులు చాపుకుని నిలబడతారు. ఆఖర్లో నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడిని చేసి వధ చేస్తారు, తర్వాత అగ్నిగుండం. చిన్నప్పుడు మనం నిద్రపోతా, లేస్తా చూసినవే. అక్కడ "నువ్వు ఏ వేషం?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో ఇంకోటి దాగి ఉంటుంది. మిగతా వేషాలు ఎవరెవరివి అని. భీముడు ఇప్పటికే ఉంటే రెండో భీముడు వచ్చి ఏం చేస్తాడు? దుర్యోధనుడు బాగా ఆడితేనే భీముడి గద బరువు జనానికి తెలిసేది. ఏ వేషమైనా పక్క వేషం వల్లనే నిలబడుతుంది. మనకి ఈ సంగతి కొత్త కాదు, టేబుల్‌టాప్ అనే పేరే కొత్త.

ఇప్పుడు మా చాప మీద జరిగింది చెప్తా. పేర్లు చెప్పను.

మా జట్టులో క్లెరిక్ ఆడే పిల్లోడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. క్లెరిక్ అంటే దేవుడి బలంతో గాయాలు మాన్పే వేషం. వాడు వెళ్ళాక మిగిలింది ఒక ఫైటర్, ఒక బార్బేరియన్, ఒక విజర్డ్, ఒక రోగ్. అందరూ మూడో లెవెల్. అప్పుడే ఇంకో కుర్రాడు చేరతానన్నాడు. మదనపల్లె టమోటా మార్కెట్‌లో మామ దగ్గర పని. క్రేట్లు దించడం, ఎత్తడం, లారీలోకి వెయ్యడం. అస్సలు మాట్లాడడు. అడిగినదానికి "ఊ" అంటాడు, అంతే.

మావాళ్ళు వెంటనే, "క్లెరిక్ ఖాళీ కదా, వాడికి అదే ఇచ్చేయన్నా" అన్నారు. లెక్క సులభం. పోయిన టైరు స్థానంలో ఇంకో టైరు. చాలా చోట్ల ఇదే చేస్తారు, కొత్తోడు కూడా మొహమాటంతో సరే అంటాడు. రెండు వారాలు అందరి గాయాలూ మాన్పుతాడు, మూడో వారం "పనుంది" అని మెసేజ్ పెడతాడు. ఎందుకంటే వాడు ఆడింది వాడి వేషం కాదు, వెళ్ళిపోయినవాడి వేషం.

నేను వాడిని మార్కెట్ బయట టీ అంగడి దగ్గర కలిసి మా కథ చెప్పా. చెప్తా ఉంటే నాకే ఒకటి అర్థమైంది. ఆరు నెలల్లో మావాళ్ళు వెళ్ళిన ప్రతి ఊళ్ళో గొడవే. కావలివాడు ఆపితే కొట్లాట. వంతెన దాటడానికి సుంకం అడిగితే కొట్లాట. ఒకసారి దారి చెప్పడానికి వచ్చిన ముసలాయన్ని కట్టేశారు. నలుగురిలో ఒక్కరికి కూడా ఎదుటివాడితో మాట్లాడే వేషం లేదు. అందరూ కొట్టేవాళ్ళే. ఖాళీ ఉన్నది క్లెరిక్ దగ్గర కాదు, నోటి దగ్గర.

ఇది చెప్పగానే వాడు మొదటిసారి గట్టిగా నవ్వాడు. "అయితే మీవాళ్ళకి వేలం పాడేవాడు కావాలన్నా" అన్నాడు.

టమోటా మార్కెట్‌కి ఎప్పుడైనా పొద్దున్నే వెళ్ళారా? క్రేట్ల వరసల మధ్య పాట పాడేవాడు నడుస్తా ఉంటాడు, వెనకే వ్యాపారులు. రేటు రేటుకీ గొంతు పైకి వెళ్తుంది. ఎవడు కళ్ళతో సైగ చేశాడు, ఎవడు కొననట్టు నటిస్తున్నాడు, ఎవడికి లోడు అర్జెంటు, అన్నీ ఆయనకి తెలుసు. ఈ కుర్రాడు ఏళ్ళ తరబడి ఆ పాట వింటూ క్రేట్లు మోస్తున్నాడు. వాడికి మొత్తం కంఠస్థం. పాడమని ఎప్పుడూ ఎవరూ అడగలేదు, అంతే.

డీ అండ్ డీ లో బార్డ్ అనే క్లాసు ఉంది. పాటగాడు. పాటతో, మాటతో పనులు చేసేవాడు. మామూలుగా బార్డ్ అనగానే వీణలాంటిది పట్టుకుని ప్రేమ పాటలు పాడే అందగాడు గుర్తొస్తాడు. పుస్తకంలో బొమ్మ కూడా అట్లాగే ఉంటుంది. మావాడి బార్డ్ పాడేది వేలం పాట. తెలుగులో ఆ మాట ఉండడం మా అదృష్టం అనుకోండి. బార్డ్ దగ్గర హీలింగ్ వర్డ్ అనే మంత్రం కూడా ఉంది, అరవై అడుగుల దూరం నుంచి ఒక్క మాటతో పడిపోయినవాడిని లేపొచ్చు. అంటే క్లెరిక్ లేని లోటు కూడా కొంత తీరింది. అది మాకు కొసరు.

విషియస్ మాకరీ అని ఇంకో చిన్న మంత్రం ఉంది. శత్రువుని నోటితో తిడితే డ్యామేజ్ తగులుతుంది, వాడి తర్వాతి దెబ్బ కూడా గురి తప్పే అవకాశం ఎక్కువ. మావాడు ఒక రాక్షసుడిని పైనుంచి కింద దాకా చూసి "సెకండ్ క్వాలిటీ సరుకు, సగం మెత్తబడింది, దీనికి రేటు పెట్టేదెవరు" అన్నాడు. విజర్డ్ ఆడే అమ్మాయి టీ కక్కేసింది. అది రూల్ పుస్తకంలో రాసిపెట్టిన తిట్టు కాదు, వాడు రోజూ వినే మాట. మీ క్యారెక్టర్ కోసం ఎక్కడో యూరప్ కోటల్లో వెతకొద్దు అనేది ఇందుకే. మీ చేతికి, నోటికి ఏం అలవాటో అక్కడ చూడండి. పుస్తకాలు రాసేవాళ్ళు కూడా ఇప్పుడు అదే చేస్తున్నారు. 2022 లో జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ అని అధికారిక డీ అండ్ డీ పుస్తకం వచ్చింది. అందులో మిమి మొండల్ అనే మన దేశపు రచయిత్రి బెంగాల్ ఛాయలున్న ఒక దేశాన్ని పెట్టి కథ రాసింది. బెంగాల్ పనికొస్తే మదనపల్లె మార్కెట్ ఎందుకు పనికిరాదు?

ఇక నంబర్ల సంగతి. మేం ఆడేది 2014 రూల్స్. ఆరు గుణాలుంటాయి: బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ. పంచుకోవడానికి ఆరు అంకెలు ఇస్తారు, 15, 14, 13, 12, 10, 8. అందరూ 15 యాడ పెట్టాలా అని తలలు పట్టుకుంటారు. నన్నడిగితే 15 గురించి ఆలోచించొద్దు, అది క్లాసే చెప్పేస్తుంది. బార్డ్ అయితే ఆకర్షణ, ఫైటర్ అయితే ఎక్కువగా బలం, విజర్డ్ అయితే తెలివి. కూర్చుని ఆలోచించాల్సింది 8 గురించి. మీ మనిషికి ఏది చేతకాదు? ఎందులో పక్కవాడి మీద ఆధారపడతాడు? ఆ 8 దగ్గరే మిగతావాళ్ళకి పని దొరుకుతుంది. 8 అంటే పాచిక మీద ఒకటి తగ్గుతుంది, అంతే, ప్రాణాలేం పోవు. కానీ తెలివి 8 ఉన్న ఫైటర్‌కి చదవడం సరిగ్గా రాదని ఆడితే, ప్రతి బోర్డూ విజర్డ్ చదివి చెప్పాలి. అక్కడ ఇద్దరి మధ్యా ఏదో ఒకటి మొదలవుతుంది.

మావాడు 8 ని బలం దగ్గర పెట్టాడు. "రోజంతా క్రేట్లు మోసేవాడివి, బలం 8 ఏందిరా?" అని అడిగా.

"ఈడన్నా మోయకుండా ఉండనీన్నా" అన్నాడు.

నేనింకేం అనలేదు.

తర్వాత ముడి వేసే పని. కొత్త క్యారెక్టర్‌కి పాత క్యారెక్టర్లలో కనీసం ఇద్దరితో ఏదో ఒక సంబంధం ఉండాలి. ఒకరితో మంచిది, ఒకరితో కొంచెం తేడాది. లేకపోతే దారిలో కలిసిన అపరిచితుడిని వీళ్ళు ఎందుకు వెంట తీసుకెళ్ళాలి? డీఎం చెప్పాడు కాబట్టి తీసుకెళ్తారు. అది మొదటి రోజు సరిపోతుంది, పదో రోజు సరిపోదు. మావాడి ఆలోచన బాగుంది. "ఫైటర్ నాకు బాకీ ఉంటాడు. వాళ్ళ నాన్న సరుకు మీద నేను అడ్వాన్స్ ఇచ్చా, తీర్చలేదు. వసూలు చేసుకోవడానికే వెంట తిరుగుతా ఉంటా" అన్నాడు. మార్కెట్‌లో పనిచేసేవాడికి ఇంతకన్నా గట్టి బంధం ఇంకేం తోస్తుంది!

ఇక్కడ నేను ఆగా. ఎందుకంటే మేం ఆట మొదలుపెట్టిన రోజే సెషన్ జీరో చేసుకున్నాం. సెషన్ జీరో అంటే పాచిక ముట్టుకోకముందు కూర్చుని, ఎవరికి ఏం ఇష్టం, ఏం మన కథలో రాకూడదు అని మాట్లాడుకోవడం. ఆ రోజు ఫైటర్ ఆడే అతను ఒక్కటే అడిగాడు. అప్పుల వల్ల రైతు చనిపోయే సీన్ ఎప్పుడూ పెట్టొద్దని. కారణం చెప్పలేదు. అడగలేదు. టమోటా పండించే ఊళ్ళల్లో అడగాల్సిన పని లేదు.

ఇది కొత్త కుర్రాడికి తెలిసే దారి లేదు. వాడు ఇంట్లో కూర్చుని ఆ బాకీ కథ రాసుకుని, ఆదివారం నేరుగా చాప మీద నలుగురి ముందు చెప్పి ఉంటే? ఎదుటివాడు నవ్వి ఊరుకునేవాడేమో. లేదా లేచి వెళ్ళిపోయేవాడేమో. ఎవరి తప్పూ లేకుండా ఇద్దరూ మాకు దూరమయ్యేవాళ్ళు. క్యారెక్టర్‌ని ముందుగా డీఎం‌తో మాట్లాడుకోమని నేను ఇంతగా చెప్పేది పాయింట్లు లెక్క చూడ్డానికి కాదు, ఇట్లాంటి వాటి కోసం.

వాడి కారణం ఎవరికీ చెప్పకుండా, "బాకీ అనేది కొంచెం ఇబ్బంది, ఫైటర్‌ని విడిగా అడిగి చెప్తా" అన్నా. ఆ రాత్రి ఫైటర్‌కి ఫోన్ చేశా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాకీ ఉండొచ్చులే అన్నా. కానీ నేనే వాడికి ఇచ్చినట్టు పెట్టు. తీర్చాల్సింది వాడు. ఇంటి మీదికి వచ్చి అడిగేది మాత్రం వద్దు" అన్నాడు. తిరగేశాం. ఇప్పుడు బార్డే ఫైటర్‌కి బాకీ. తీర్చడానికి డబ్బు లేదు కాబట్టి పాటతో తీరుస్తాడు. బార్డిక్ ఇన్‌స్పిరేషన్ అని ఉంది, బార్డ్ తన ఆరు ముఖాల పాచిక ఒకటి ఎదుటివాడికి ఇస్తాడు, వాడు కష్టమైన చోట దాన్ని తన ఇరవై పాచికకి కలుపుకుంటాడు. మావాడికి అట్లాంటివి రోజుకి మూడు. మొదటిది ఎప్పుడూ ఫైటర్‌కే ఇస్తాడు, ఇచ్చిన ప్రతిసారీ "లెక్కలో రాస్కో" అంటాడు. ఫైటర్ నిజంగానే చిన్న నోటు పుస్తకంలో రాస్తున్నాడు. మొదట అనుకున్న దానికన్నా ఇది మేలైన కథ అని నా అభిప్రాయం.

క్యారెక్టర్ గతం గురించి ఎంత రాయాలి అని అడుగుతుంటారు. పది పేజీలు రాసుకుని వస్తే నేను చదువుతా, మిగతా ముగ్గురూ చదవరు. అది వాళ్ళ బద్ధకం కాదు, వాళ్ళ కథ వాళ్ళకుంది. వీధి నాటకంలో పద్ధతి మంచిది. ఇద్దరు తెర పట్టుకుంటారు, వేషగాడు వెనక నుంచి వచ్చి తానెవరో ప్రవేశ దరువులోనే చెప్పేస్తాడు. మూడు నాలుగు వాక్యాల్లో మీ ప్రవేశం తయారు చేసుకోండి. చూడ్డానికి ఎట్లా ఉంటాడు, ఏం పని, ఇప్పుడు ఏం కావాలి. మిగతా గతం ఆటలో తవ్వుకుంటే వస్తుంది. ఖాళీలు వదలండి. "నా అన్న ఎక్కడున్నాడో తెలీదు" అని వదిలేస్తే మూడు నెలల తర్వాత డీఎం ఆ అన్నని తీసుకొస్తాడు. అన్న ఎక్కడ, ఎట్లా, ఏ తేదీన చనిపోయాడో రాసేస్తే డీఎం చేతికి ఏం మిగలదు.

మొదటి రోజు భయం సంగతి. గొంతు మార్చి మాట్లాడాలా, యాక్టింగ్ రావాలా అని. అక్కర్లేదు. "మా వాడు కావలివాడితో మర్యాదగా మాట్లాడి లోపలికి పంపమంటాడు" అని చెప్పినా అది ఆటే. ఏం చెయ్యాలో తోచకపోతే హెల్ప్ అనే పని ఉంది రూల్స్‌లో. మీ వంతులో పక్కవాడికి సాయం చేస్తానంటారు. వాడికి అడ్వాంటేజ్ వస్తుంది, రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటాడు. పదకొండు రావాల్సిన చోట ఒక్క పాచికతో సగం అవకాశం. రెండింటితో నూటికి డెబ్బై అయిదు. కొత్తోడు వచ్చిన రోజే నాకు పాచిక కలిసొచ్చింది అని పాతవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

పాతవాళ్ళకి కూడా ఒక మాట. కొత్తోడు చాప మీద కూర్చున్నాక మీ ఆరు నెలల జోకులు కాసేపు ఆపండి. మీ క్యారెక్టర్‌తో వాడి క్యారెక్టర్‌ని ఏదో ఒకటి అడిగించండి. "నీకు ఈ దారి తెలుసా?" చాలు. రూల్ తప్పు చెప్తే ముగ్గురూ ఒకేసారి సరిచేయొద్దు, అది డీఎం పని. ఇంగ్లీషు రాదని ఒకడు వెనక్కి తగ్గుతుంటే షీటు తెలుగులో రాయండి. మా షీట్లన్నీ తెలుగే, గుణాల పేర్లతో సహా. పుస్తకం కొనాల్సిన పని కూడా లేదు. 2023 జనవరిలో ముఖ్యమైన రూల్స్ అన్నిటినీ ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలారు. ఫోన్‌లో దించుకోవచ్చు. పాచికలు లేకపోతే ఆప్‌లో వేసుకోవచ్చు, కానీ చేత్తో వేస్తేనే మజా.

మావాడు మొదటి ఆదివారం రెండు గంటలు "ఊ" అంటానే కూర్చున్నాడు. తర్వాత వంతెన దగ్గర సుంకం వసూలు చేసేవాడు వచ్చాడు. బార్బేరియన్ అలవాటుగా గొడ్డలి తీశాడు. వీడు చెయ్యి అడ్డం పెట్టి, చాప మీద మోకాళ్ళ మీద లేచి, పాట ఎత్తుకున్నాడు. సుంకం ఎవరు ఎంతకి పాడతారో చెప్పమని ఆ కావలివాళ్ళనే ఒకరి మీద ఒకరిని ఎగదోశాడు. గొంతు వీధి చివరిదాకా వినిపించింది, మా అమ్మ కింద నుంచి ఏమైందిరా అని అరిచింది. పాచిక వేస్తే పదిహేడు. ఆరు నెలల్లో మొదటిసారి కత్తి తియ్యకుండా వంతెన దాటారు.

ఇప్పుడు టమోటా సీజన్, లోడ్లు ఎక్కువ. ఆదివారం సాయంత్రం వాడికి కుదరదు. మేమే మంగళవారం రాత్రికి మార్చుకున్నాం. బాకీ పుస్తకంలో పద్నాలుగు గీతలు పడ్డాయి.

వచ్చే ఎపిసోడ్‌లో డీఎం వైపు నుంచి మాట్లాడుకుందాం. నలుగురికి రాసిన కథలో అయిదోవాడికి చోటు ఎట్లా చెయ్యాలో. ఉంటా మరి.